ఆకాశంలోనూ రంగు అడ్డమే

ఆ అమ్మాయి పేరు ఐడా మే జోన్స్. అమెరికాలో లూసియానా రాష్ట్రం, స్లైడెల్ అనే ఊరు. నాన్న పొలాల మీద విమానంలోంచి పురుగుమందు చల్లేవాడు. ఆ పాత విమానంలోనే కూతురికి కూడా నడపడం నేర్పాడు. నాన్న పోయాడు. అప్పటినుంచి ఆ పిల్ల న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ళ ఇళ్ళల్లో నేలలు తుడుస్తూ పైసా పైసా కూడబెడుతోంది. దేనికనుకున్నారు? పెళ్ళికి కాదు. షికాగో వెళ్ళి పైలట్ లైసెన్సు తెచ్చుకోవడానికి! దగ్గర్లోని టస్కీగీలో పరీక్షకి వెళ్తే, ఆడపిల్లకి లైసెన్సేమిటని అక్కడి ఆయన సంతకం పెట్టలేదు మరి.

ఐడా మే నిజం మనిషి కాదండీ. షెర్రీ ఎల్. స్మిత్ అనే నల్లజాతి రచయిత్రి నవల ‘ఫ్లైగర్ల్’లో కథానాయిక. 2009లో వచ్చిన పుస్తకం. పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల కోసం రాసిందే కాబట్టి ఇంగ్లీషు మరీ కష్టంగా లేదు. నా చదువు ఇంటర్‌తోనే ఆగింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకి పది పేజీల చొప్పున చదివాను. చదివాక, ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అని వెతకడం మొదలుపెడితే నవలకన్నా ఆశ్చర్యం కలిగించే సంగతులు బయటపడ్డాయి.

సైన్యానికి ఆడవాళ్ళు కావలసి వచ్చిన వేళ

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. మగ పైలట్లంతా యుద్ధభూమికి వెళ్ళిపోతే, ఫ్యాక్టరీల్లో తయారైన విమానాల్ని సైనిక స్థావరాలకి చేర్చేవాళ్ళు కరువయ్యారు. అప్పుడు గుర్తొచ్చారు ఆడవాళ్ళు! 1942లో మొదలైన రెండు పథకాల్ని 1943 ఆగస్టులో కలిపి ఒకటి చేశారు. దాన్ని క్లుప్తంగా ‘వాస్ప్’ అన్నారు. వాస్ప్ అంటే కందిరీగ. నిజంగానే కందిరీగల్లా ఉన్నారు ఆ పిల్లలు.

25,000 మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. 1,830 మందిని తీసుకుంటే శిక్షణ పూర్తిచేసినవాళ్ళు 1,074 మంది. టెక్సస్ రాష్ట్రంలో స్వీట్‌వాటర్ అనే చిన్న ఊరి పక్కన అవెంజర్ ఫీల్డ్‌లో శిక్షణ. పేరుకి తీపినీళ్ళ ఊరేగానీ దుమ్ము, ఎండ, ఈదురుగాలి. వేసుకోవడానికి మగవాళ్ళ కొలతలతో కుట్టిన వదులు దుస్తులు ఇచ్చారు. చేతులు నాలుగు మడతలు, కాళ్ళు నాలుగు మడతలు పెట్టి బెల్టు బిగించుకుంటే తప్ప నడవలేరు. విమానాలు చేరవేయడమే కాదు, రిపేరయిన విమానాన్ని మొదట నడిపి చూసేదీ వీళ్ళే. ఇంకో పని వింటే గుండె జల్లుమంటుంది. విమానం తోకకి పొడవాటి గుడ్డ కట్టుకుని ఎగురుతుంటే, కింద కొత్తగా చేరిన సైనికులు ఆ గుడ్డకి గురిపెట్టి నిజం తూటాలే కాల్చడం నేర్చుకునేవాళ్ళు. గురి తప్పితే?

ఇంత చేయించుకునీ వాళ్ళని సైనికులుగా లెక్కవేయలేదు. మొత్తం 38 మంది చనిపోయారు. పోయినవాళ్ళ శవపేటిక మీద జెండా కప్పలేదు, శవాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా ప్రభుత్వం పెట్టుకోలేదు. తోటి పిల్లలే తలా కాస్త చందా వేసుకుని పంపిన సందర్భాలున్నాయి.

ఆడవాళ్ళమని వాళ్ళకి జరిగిన అన్యాయం ఇది. ఐడా మే గొడవ ఇక్కడితో ఆగదు. ఆమె నల్లజాతి పిల్ల.

తెల్లదానిగా చెలామణి

వాస్ప్‌లో నల్లజాతి అమ్మాయిల్ని తీసుకోలేదు. నవలలో ఐడా మేకి దొరికిన దారి ఒక్కటే. నాన్న వైపు పోలికల వల్ల ఆమె ఒళ్ళు చాలా తెలుపు. తెలియనివాళ్ళు చూస్తే తెల్లజాతి పిల్లే అనుకుంటారు. నాన్న లైసెన్సు తీసి, దాన్ని తనదిగా దిద్దుకుని, తెల్లపిల్లనని చెప్పుకుని చేరిపోతుంది.

ఇలా చెలామణి కావడం ఆ రోజుల్లో అక్కడ నిజంగానే ఉండేది. ఎందుకంటే రంగు అక్కడ చూపుకి సంబంధించిన విషయం కాదు, చట్టం. ముత్తాతల్లో ఒక్కరు నల్లవారని తేలితే చాలు, మనిషి పాలలా ఉన్నా నల్లజాతి కిందే లెక్కగట్టే రాష్ట్రాలున్నాయి. దక్షిణాదిన నల్లవాళ్ళకి వేరే బడి, బస్సులో వెనక సీటు, మంచినీళ్ళ కుళాయి కూడా వేరు. మనకీ రంగుపిచ్చి తక్కువేం కాదు. పెళ్ళిచూపుల్లో పిల్ల చామనఛాయ అంటే కట్నం దగ్గర బేరం మొదలవుతుంది. కానీ ఇక్కడ ఒకే తల్లి కడుపున పుట్టిన అక్క ఎరుపైనా చెల్లెలు నలుపైనా ఒకే పంక్తిలో అన్నం తింటారు కదా! అక్కడ తెల్లదానిగా వెళ్ళిపోయిన పిల్ల మళ్ళీ తన ఇంటి పంక్తిలోకి రాలేదు. వస్తే దొరికిపోతుంది.

రచయిత్రి ఈ కష్టాన్ని ఉపన్యాసాలుగా చెప్పలేదు, చిన్న చిన్న సంఘటనల్లో పెట్టింది. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగిన స్నేహితురాలు జోలీన్ రంగు నలుపు. ఐడా మే తెల్లపిల్లగా మారుతోందంటే ఆమె మనసు విరిగిపోతుంది. ‘నువ్వు దాటిపోగలవు, మరి నేను?’ అన్న ప్రశ్న వాళ్ళిద్దరి మధ్యా గోడలా నిలబడుతుంది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది తల్లి వచ్చే ఘట్టం. పెద్దకొడుకు థామస్ సైన్యంలో వైద్య విభాగంలో ఉన్నాడు. అతని గురించిన దుర్వార్త పట్టుకుని అమ్మ అంత దూరం ప్రయాణం చేసి కూతురి దగ్గరికి వస్తుంది. కూతురు తెల్లపిల్ల, వచ్చిన తల్లి నల్లమనిషి. నలుగురిలో ‘అమ్మా’ అని పిలిచిందో, కథ ముగిసినట్టే. అందుకని తల్లి తనే ఆ ఇంటి పనిమనిషినని చెప్పుకుంటుంది. కూతురు యజమానురాలిలా ఎదురుగా నిలబడాలి. కొడుకు ఏమయ్యాడో తెలియని తల్లిని వాటేసుకుని ఏడవడానికి వీల్లేదు.

నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. విమానం కూలిపోతే ఒక్క క్షణం. ఇది అలాంటిది కాదు. అంతకుముందు దాకా ‘పోనీలే, ఏదో అబద్ధమాడి చేరింది, మంచిపనికే కదా’ అనుకుంటూ చదివినదాన్ని, ఈ ఘట్టం దగ్గర ఆ అబద్ధం ఖరీదు ఎవరు కడుతున్నారో అర్థమైంది. కూతురి లైసెన్సుకి తల్లి మూల్యం చెల్లిస్తోంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ

ఇంతకీ నల్లజాతి అమ్మాయిల్ని వద్దన్నదెవరు? నేను ఎవరో మీసాల సైన్యాధికారి అనుకున్నాను. చెప్పింది ఆడమనిషే. వాస్ప్‌కి పెద్దగా ఉన్న జాక్వెలిన్ కాక్రన్.

సామాన్యురాలు కాదావిడ. కటిక పేదరికంలో పుట్టి, చిన్నతనంలోనే నూలుమిల్లులో పనిచేసి, తరవాత బ్యూటీ పార్లర్లో జుట్టు కత్తిరించి, చివరికి సొంత సౌందర్య సాధనాల కంపెనీ పెట్టింది. ఆ వ్యాపారం కోసం ఊళ్ళు తిరగాలంటే విమానం నేర్చుకుంటే మంచిదని నేర్చుకుంది. 1938లో బెండిక్స్ అనే ప్రసిద్ధమైన విమాన పందెంలో మగవాళ్ళందర్నీ దాటి మొదటి బహుమతి కొట్టింది.

నల్లజాతి అమ్మాయిలు దరఖాస్తు చేసిన సంగతి ఆవిడే తన ఆత్మకథలో రాసుకుంది. వాళ్ళలో ఒకమ్మాయిని పిలిచి నచ్చజెప్పిందట. ఆడవాళ్ళని విమానమెక్కించడానికే నానా పాట్లూ పడుతున్నాం, దానికి తోడు రంగు గొడవ కూడా నెత్తికెత్తుకుంటే అసలు పథకమే మూలపడుతుందని. ఆ అమ్మాయి దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

ఈ మాట మనకి కొత్త కాదు. ‘ముందు పెద్దకోడల్ని నిలదొక్కుకోనివ్వండి, చిన్నదాని సంగతి తరవాత చూద్దాం’ అనే అత్తగారి మాటలాంటిదే. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ చిన్నకోడలికి ఆ ‘తరవాత’ ఎప్పటికీ రాదు. పోనీ అంత జాగ్రత్త పడీ కాక్రన్ ఆ పథకాన్ని నిలబెట్టుకోగలిగిందా అంటే అదీ లేదు. 1944 జూన్‌లో వాళ్ళని సైన్యంలో కలిపే బిల్లు అమెరికా పార్లమెంటులో వీగిపోయింది. ఆ ఏడు డిసెంబరు 20న వాస్ప్‌ని మూసేసి అందర్నీ ఇళ్ళకి పంపేశారు.

ఇంకో సంగతుంది. కాక్రన్ తాను అనాథనని, ఎవరో పెంచారని జీవితమంతా చెప్పుకుంది. ఆవిడ 1980లో పోయింది. పెంచినవాళ్ళని చెప్పిన ఆ పిట్‌మన్ దంపతులే ఆవిడ సొంత తల్లిదండ్రులని తరవాత జీవితచరిత్రలు రాసినవాళ్ళు తేల్చారు. పుట్టినప్పటి పేరు బెస్సీ. అంటే పైకి రావడానికి తల్లిని దాచుకున్న ఆవిడే గుమ్మం దగ్గర కూచుని, తల్లిని దాచుకుంటే తప్ప లోపలికి రాలేని పరిస్థితి ఇంకొకళ్ళకి కల్పించింది! నవలలో ఈ సంగతి రాస్తే అతికినట్టు లేదని విమర్శకులు పెదవి విరిచేవారేమో.

అబద్ధం చెప్పనివాళ్ళు

నవలలోలాగా నల్లజాతి అమ్మాయి ఎవరైనా తెల్లదాన్నని చెప్పి వాస్ప్‌లో చేరినట్టు రికార్డుల్లో లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి తిరస్కారం పొందినవాళ్ళున్నారు. వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పి తీరాలి.

జానెట్ బ్రాగ్ షికాగోలో నర్సు. నల్లజాతి పైలట్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకుంటే, ఆ సంఘానికి మొదటి విమానం ఆవిడే తన సొంత డబ్బుతో కొనిచ్చింది. మనం చీటీలు కట్టి గాజులు చేయించుకున్నట్టు, ఆవిడ జీతంలోంచి విమానం! తెల్లవాళ్ళ విమానాశ్రయాల్లో వాళ్ళని దిగనివ్వకపోతే, రాబిన్స్ అనే నల్లవాళ్ళ ఊళ్ళో సొంతంగా చదును చేసుకుని మైదానం వేసుకున్నారు. అలాంటి మనిషి 1943లో వాస్ప్‌కి వెళ్తే, ఇంటర్వ్యూలో ఆవిడ మొహం చూడగానే వద్దన్నారు. సరే, యుద్ధానికి నర్సుగానైనా వెళ్దామనుకుంది. నల్లజాతి నర్సుల కోటా నిండిపోయిందన్నారు. టస్కీగీ వెళ్ళి పెద్ద లైసెన్సు పరీక్ష రాసింది. రాత పరీక్ష పాసయింది, విమానమూ బాగా నడిపింది. కానీ పరీక్షించిన తెల్ల అధికారి, నల్లజాతి ఆడదానికి ఇంతవరకూ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వనని తేల్చేశాడు. ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. షికాగో తిరిగొచ్చి మళ్ళీ పరీక్షకి కూచుని అదే లైసెన్సు సంపాదించింది.

నవలలో ఐడా మేకి టస్కీగీలో అడ్డొచ్చింది ఆడపుట్టుక. జానెట్‌కి అక్కడే ఆడపుట్టుకా, రంగూ రెండూ అడ్డొచ్చాయి.

రెండో ఆవిడ మిల్డ్రెడ్ హెమ్మన్స్. ఆలబామా రాష్ట్రంలో పైలట్ లైసెన్సు పొందిన తొలి నల్లజాతి మహిళ. 1941 ఫిబ్రవరిలో వచ్చింది లైసెన్సు. అప్పుడు టస్కీగీ కాలేజీలో చదువుతోంది. వాస్ప్ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టింది. నల్లజాతి అయినందువల్ల వద్దన్నారు. ఈవిడ సంగతి మళ్ళీ చెబుతాను.

అయితే తెల్లవాళ్ళు కానివాళ్ళు ఎవరూ వాస్ప్‌లో లేరా అంటే ఉన్నారు. అదే విచిత్రం. అమెరికా ఆదివాసుల లకోటా తెగకి చెందిన ఓలా మిల్డ్రెడ్ రెక్స్‌రోట్, ఆ గుడ్డ కట్టుకుని ఎగిరే ప్రమాదకరమైన పనే చేసింది. చైనా కుటుంబాల అమ్మాయిలు ఇద్దరున్నారు. మ్యాగీ గీ ఒకరు, హేజెల్ యింగ్ లీ ఇంకొకరు.

హేజెల్ గురించి చదువుతుంటే నాకు మన ఇంటి అల్లరిపిల్ల ఎవరో గుర్తొచ్చింది. పోర్ట్‌లాండ్‌లో పుట్టింది. చైనావాళ్ళకి మంచి ఉద్యోగాలు ఇవ్వని రోజులు కాబట్టి ఒక పెద్ద దుకాణంలో లిఫ్ట్ నడిపే పనిలో చేరి, 1932లో పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. చైనా మీద జపాన్ దాడి చేసిందని అక్కడి వైమానిక దళంలో చేరడానికి వెళ్తే ఆడదానివని వద్దన్నారు. తిరిగొచ్చి వాస్ప్‌లో చేరింది. తోటిపిల్లల విమానాల తోక మీద లిప్‌స్టిక్‌తో చైనా అక్షరాలు రాసేదట. ఏ ఊళ్ళో దిగినా చైనా హోటలు వెతికి, తనే వంటవాడితో మాట్లాడి అందరికీ భోజనం పెట్టించేదట. ఒకసారి కాన్సస్ రాష్ట్రంలో ఇంజను మొరాయించి పొలంలో దింపితే, జపాన్ వాళ్ళు వచ్చిపడ్డారనుకుని రైతు గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని విమానం చుట్టూ తరిమాడట. ఇది తరవాత తనే నవ్వుతూ చెప్పుకునేదట.

1944 నవంబరు 23న మొంటానాలో విమానం దింపుతుంటే పైన ఇంకో విమానం వచ్చి ఢీకొంది. ఒళ్ళు కాలిపోయి రెండు రోజులకి చనిపోయింది. ఆ తరవాత కొద్దిరోజులకే ఆమె తమ్ముడు విక్టర్ ఫ్రాన్స్‌లో యుద్ధంలో పోయాడని ఇంకో టెలిగ్రాం వచ్చింది. ఇద్దర్నీ పాతిపెట్టడానికి తల్లి స్థలం ఎంచుకుంటే, ఆ భాగంలో తెల్లవాళ్ళనే పెడతాం, చైనావాళ్ళకి చోటు లేదంది శ్మశానం యాజమాన్యం. కుటుంబం పట్టుబట్టి పోరాడి సాధించుకుంది. దేశం కోసం ప్రాణమిచ్చాక ఆరడుగుల నేల కోసం మళ్ళీ యుద్ధం!

నవల మీద నా మాట

‘ఫ్లైగర్ల్’లో అన్నీ నచ్చాయని చెప్పను. శిక్షణలో ఐడా మేకి ఇద్దరు స్నేహితురాళ్ళు దొరుకుతారు. సర్కస్ విన్యాసాలు చేసిన ప్యాట్సీ, న్యూయార్క్ నుంచి వచ్చిన యూదుల అమ్మాయి లిలీ. వాళ్ళ సరదాలు కొన్నిచోట్ల సినిమాలో హాస్టల్ సీన్లలా ఉన్నాయి. రహస్యం ఎప్పుడు బయటపడుతుందో అన్న బిగువు మొదట్లో ఉన్నంత చివర్లో లేదు. కానీ బి-29 అనే పెద్ద బాంబరు విమానం నడిపే ఘట్టం బాగుంది. అది నిజంగా జరిగినదాని నుంచి తీసుకున్నదే. 1944లో ఆ విమానం ఇంజన్లు మంటలంటుకుంటున్నాయని మగ పైలట్లు ఎక్కడానికి జంకారు. అప్పుడు ఇద్దరు వాస్ప్ అమ్మాయిలకి నేర్పించి, స్థావరాల మీద తిప్పి చూపించారు. ఆడపిల్లలే నడుపుతుంటే మాకేమిటని మగవాళ్ళు బుద్ధిగా ఎక్కారు. వాళ్ళు ఎక్కారు కాబట్టి ఆడపిల్లల అవసరం తీరింది. కొద్దిరోజులకే పైవాళ్ళు ఆ ప్రదర్శన ఆపించారు.

ఇదే కోవలో ఎలిజబెత్ వైన్ రాసిన ‘బ్లాక్ డవ్, వైట్ రేవెన్’ (2015) కూడా ఉంది. తెల్లమ్మాయి, నల్లమ్మాయి కలిసి విమాన విన్యాసాలు చేస్తారు. అమెరికాలో ఒక కుటుంబంగా బతకలేమని ఇథియోపియా వెళ్దామనుకుంటారు. నల్లమ్మాయి ప్రమాదంలో పోతే, రెండో ఆవిడ ఇద్దరి పిల్లల్నీ తీసుకుని అక్కడికి చేరుతుంది. తీరా అక్కడ ఇటలీ దండయాత్ర ముంచుకొస్తుంది. ఇది కాస్త బరువైన పుస్తకం. మొదట చదవాల్సింది ‘ఫ్లైగర్లే’. ఇంట్లో ఇంగ్లీషు నవలలు చదివే ఆడపిల్లలుంటే వాళ్ళ చేతికివ్వండి. ముగింపు నేను చెప్పను. యుద్ధం తగ్గుముఖం పట్టాక ఐడా మే ఏ రంగులో ఇంటికి వెళ్ళాలన్నదే అక్కడి చిక్కుముడి.

వాస్ప్ మహిళల్ని మాజీ సైనికులుగా గుర్తిస్తూ 1977లో చట్టం వచ్చింది. 2010లో అమెరికా పార్లమెంటు వాళ్ళకి బంగారు పతకం ఇచ్చింది. అప్పటికి బతికున్నవాళ్ళు ఎనభైలు, తొంభైల్లో ఉన్న ముసలమ్మలు. చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్ళున్నారు.

మిల్డ్రెడ్ సంగతి చెబుతానన్నాను కదా. ఆమె హెర్బర్ట్ కార్టర్ అనే టస్కీగీ పైలట్‌ని 1942లో పెళ్ళాడింది. నల్లజాతి మగవాళ్ళని యుద్ధ విమానాలకి తీసుకునే ఏర్పాటు టస్కీగీలో అప్పటికే ఉంది. అతను సైన్యానికి పనికొచ్చాడు, ఆమె పనికిరాలేదు. పెళ్ళికి ముందు వాళ్ళకి కలుసుకునే తీరిక తక్కువ. అందుకని అతను సైన్యం విమానాన్ని పరీక్షించే వంకతో బయల్దేరేవాడు. ఆమె చిన్న పైపర్ కబ్ విమానం తీసుకుని వచ్చేది. మార్టిన్ సరస్సు మీద మూడువేల అడుగుల ఎత్తున ఇద్దరూ పక్కపక్కన ఎగురుతూ చేతులూపుకుని, కిటికీల్లోంచి ముద్దులు విసురుకుని, ఎవరి మైదానానికి వాళ్ళు తిరిగి వెళ్ళిపోయేవారట.